స్టెంట్ వేశాక కూడా క్రియాటినిన్ తగ్గలేదు, ఇక కిడ్నీ పోయినట్టేనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. నాన్నగారికి 64 ఏళ్లు. పదిహేనేళ్లుగా బీపీ ఉంది, షుగర్ లేదు, నిరుటి దాకా సిగరెట్లు కాల్చేవారు. క్రియాటినిన్ (కండల నుంచి వచ్చే వ్యర్థం, కిడ్నీ సరిగా వడపోయకపోతే రక్తంలో పెరుగుతుంది) రెండేళ్ల క్రితం 1.3, ఆ మరుసటి ఏడు 1.7, స్టెంట్ వేసేనాటికి 2.2. కుడి కిడ్నీ 7.6 సెంటీమీటర్లకు కుంచించుకుపోయింది. ఎడమది 10.2 ఉంది గానీ దానికి రక్తం తెచ్చే నాళం 85 శాతం మూసుకుపోయింది. ఎడమవైపు ఆ నాళంలో స్టెంట్, అంటే దాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం, వేసి ఐదు నెలలైంది. ఇప్పుడు క్రియాటినిన్ 2.1. "ఇంత ఖర్చు పెడితే 0.1 తగ్గింది. స్టెంట్ ఫెయిలయిందా? డయాలసిస్ ఎన్నేళ్లలో వస్తుంది? కుడివైపు కూడా వేయించాలా?" అని అడిగారు.

నేను కిడ్నీ డాక్టర్ని. 21 ఏళ్లుగా ఇదే పని. ముందు సూటిగా చెప్పేస్తాను. స్టెంట్ ఫెయిలవలేదు. మీరిచ్చిన అంకెలను బట్టి అది చేయాల్సిన పని చేస్తున్నట్టే ఉంది. డయాలసిస్ ఫలానా ఏడాది వస్తుందని ఎవరూ తేల్చి చెప్పలేరు, కానీ దగ్గర్లో మాత్రం కనబడటం లేదు. కుడివైపు స్టెంట్ వద్దు. ఇక మీదట నాన్నగారి కిడ్నీ ఎంతకాలం నిలుస్తుందన్నది ఆ స్టెంట్ కంటే మాత్రలు, బీపీ, మెడికల్ షాపులో కొనే నొప్పి బిళ్లల మీద ఎక్కువ ఆధారపడి ఉంటుంది. ఎందుకో చెబుతాను.

మా ఓపీకి వచ్చేవాళ్లు రిపోర్టులన్నీ ఒక పాలిథిన్ కవర్లో కుక్కి తెస్తారు. నేను ముందు వాటిని తేదీల వారీగా పేర్చి, పాత చీటీ ఒకటి వెనక్కి తిప్పి, పెన్సిల్‌తో ఒక గీత గీస్తాను. మీరూ గీయండి. క్రియాటినిన్ కాకుండా ఈజీఎఫ్ఆర్ తీసుకోండి, అంటే కిడ్నీలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తాన్ని శుభ్రం చేస్తున్నాయో చెప్పే అంచనా. నాన్నగారి వయసుకి లెక్కేస్తే 1.3 అంటే దాదాపు 62. 1.7 అంటే 45. 2.2 అంటే 33. చూశారా, రెండేళ్లలో 62 నుంచి 33కి జారారు, ఏడాదికి సుమారు 14 చొప్పున. అదే వేగంతో సాగి ఉంటే ఈ ఐదు నెలలకు 27 దగ్గర ఉండేవారు, మరో ఏడాదిన్నరలోపు డయాలసిస్ గడప దగ్గర ఉండేవారు. ఇప్పుడెంత? 2.1 అంటే 34. కిందికి పోతున్న గీత అడ్డంగా తిరిగింది. మీరు 0.1 తగ్గిందని బాధపడుతున్నారు, నేనైతే ఆ మలుపు చూసి ఊపిరి పీల్చుకుంటాను.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. 2.2, 2.1 నా దృష్టిలో ఒకటే అంకె. ముందురోజు మటన్ తిన్నా, ఎండలో తిరిగి నీళ్లు తక్కువ తాగినా, ల్యాబ్ మారినా అంత తేడా వస్తుంది. మనిషి చిక్కిపోయి కండ తగ్గినా క్రియాటినిన్ తగ్గినట్టు కనబడుతుంది, అది కిడ్నీ మెరుగవడం కాదు. అందుకే ఒక్క రిపోర్టు చూసి సంబరపడొద్దు, దిగులుపడొద్దు. ఒకే ల్యాబ్‌లో, మూడు నెలలకోసారి, ఏడాదిలో నాలుగు చుక్కలు పెట్టండి. గీత ఎటు పోతోందో అప్పుడు నిజంగా తెలుస్తుంది.

పైపు తెరిస్తే కిడ్నీ ఎందుకు తేరుకోదు?

ఈ ప్రశ్న నన్ను అడగని కుటుంబం లేదు. గుండెకి స్టెంట్ వేస్తే ఛాతీ నొప్పి పోతుంది కదా, మరి కిడ్నీకి వేస్తే క్రియాటినిన్ ఎందుకు దిగదు అంటారు.

వ్యవసాయం తెలిసినవాళ్లకి నేను కాలువ సంగతి చెబుతాను. తూము దగ్గర పూడిక తీస్తే పొలానికి నీళ్లొస్తాయి. వాడుముఖం పట్టిన పైరు లేచి నిలబడుతుంది. కానీ అప్పటికే ఎండి గడ్డయిపోయిన మడిలో ఎన్ని నీళ్లు పెట్టినా పైరు రాదు. కిడ్నీలో లక్షల కొద్దీ వడపోత గుత్తులు ఉంటాయి. ఏళ్ల తరబడి రక్తం తక్కువై, బీపీ ఎక్కువై, వాటిలో కొన్ని మచ్చకట్టి పోతాయి. వాటిని స్టెంట్ వెనక్కి తేలేదు. వాడుముఖం పట్టి ఇంకా బతికున్నవి మాత్రం తేరుకుంటాయి. వాటి సంఖ్య ఎంతన్నదే అసలు ప్రశ్న.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. కిడ్నీలు మనిషికి రెండు గుప్పిళ్లంత ఉంటాయి, కానీ గుండె పంపే రక్తంలో అయిదో వంతు వాటికే వెళ్తుంది. అందులోని ఆక్సిజన్‌లో అవి వాడుకునేది పదో వంతు కూడా ఉండదు. మిగతా రక్తమంతా వడపోత కోసమే. కాబట్టి నాళం సగం మూసుకున్నా కిడ్నీ ఆకలితో చచ్చిపోదు, చాలాకాలం ఓర్చుకుంటుంది. అదే సమయంలో "నాకు ఒత్తిడి చాలడం లేదు" అని రెనిన్ అనే పదార్థాన్ని వదిలి ఒళ్లంతా బీపీ పెంచేస్తుంది. 1934లో అమెరికాలో హ్యారీ గోల్డ్‌బ్లాట్ కుక్కల కిడ్నీ నాళానికి చిన్న వెండి క్లిప్పు బిగించి ఈ సంగతే చూపించాడు. ఆ ప్రయోగంతోనే, నాళం తెరిస్తే బీపీ పోతుంది, కిడ్నీ బాగవుతుంది అన్న ఆశ డాక్టర్లలో బలపడింది. 1978లో గ్రుంట్‌జిగ్ అనే డాక్టరు, నాళంలోకి పంపి ఉబ్బించే చిన్న బెలూన్‌తో కిడ్నీ నాళం తెరిచిన కేసు ప్రచురించాక ఆ ఆశ ఇంకా పెరిగింది.

మనిషి విషయంలో చిక్కేమిటంటే, అరవై ఏళ్లు దాటినవాళ్లలో ఈ పూడిక కొలెస్ట్రాల్, పొగ, బీపీ వల్ల వస్తుంది. అవే మూడూ కిడ్నీ లోపలి సన్నని నాళాలను కూడా పాడుచేస్తాయి. మనం స్టెంట్ వేసేది పెద్ద పైపుకి. లోపలి వెంట్రుక లాంటి పైపులకి వేసే స్టెంట్ లేదు.

పెద్ద పరిశోధనలు ఏం చెప్పాయి

మీరు నెట్‌లో వెతికితే "స్టెంట్ వల్ల లాభం లేదు" అని కనబడుతుంది. నాన్నగారికి అనవసరంగా వేశారేమోనన్న అనుమానం మీకు అక్కడే మొదలై ఉంటుంది. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోండి.

2009లో ఆస్ట్రల్ అనే ట్రయల్ ఫలితాలు వచ్చాయి. ముఖ్యంగా బ్రిటన్‌లో, కొంత ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 806 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి మందులు మాత్రమే, ఇంకో జట్టుకి మందులతోపాటు బెలూన్ లేదా స్టెంట్ ఇచ్చారు. అయిదేళ్ల కాలంలో రెండు జట్ల క్రియాటినిన్ తేడా మన లెక్కలో 0.02 మాత్రమే. ప్రొసీజర్ చేయించుకున్నవాళ్లలో 23 మందికి తీవ్రమైన ఇబ్బందులు వచ్చాయి, ఇద్దరు చనిపోయారు, ముగ్గురికి కాలి వేళ్లో కాలో తీసేయాల్సి వచ్చింది. తర్వాత 2014లో అమెరికా నుంచి కోరల్ ట్రయల్. అందులో 931 మందిని లెక్కలోకి తీసుకున్నారు. గుండెపోటు, పక్షవాతం, కిడ్నీ క్షీణించడం, మరణం లాంటివన్నీ కలిపి చూస్తే స్టెంట్ జట్టులో 35.1 శాతం, మందుల జట్టులో 35.8 శాతం. అంటే తేడా లేనట్టే. పై బీపీ మాత్రం స్టెంట్ వేసినవాళ్లలో సుమారు 2 పాయింట్లు తక్కువ.

ఈ ఫలితాలు వచ్చాక మా పని పద్ధతి మారిపోయింది, మారాల్సిందే కూడా. అంతకుముందు గుండె యాంజియోగ్రామ్ చేస్తూ చేస్తూ కిడ్నీ నాళంలో పూడిక కనబడితే, పనిలో పనిగా స్టెంట్ వేసేసే అలవాటు చాలాచోట్ల ఉండేది. అది తప్పని తేలిపోయింది. బీపీ రెండు మూడు మాత్రలతో అదుపులో ఉండి, క్రియాటినిన్ ఏళ్ల తరబడి కదలకుండా ఉన్నవాళ్లకి స్టెంట్ వద్దని నేను కూడా గట్టిగానే చెబుతాను.

కానీ ఆ ట్రయళ్లలో ఎవరు చేరారో చూడండి. ఆస్ట్రల్‌లో చేర్చింది "ఇతనికి స్టెంట్ వల్ల లాభం ఉందో లేదో చెప్పలేను" అని డాక్టరు సందేహపడ్డవాళ్లని. కచ్చితంగా కావాలనిపించినవాళ్లకి ట్రయల్ బయటే వేసేశారు. పనిచేసేది ఒక్కటే కిడ్నీ, దాని నాళం మూసుకుపోతోంది, నెలనెలా క్రియాటినిన్ ఎక్కుతోంది అన్న మీ నాన్నగారి లాంటివాళ్లు ఆ లెక్కల్లో బహు తక్కువ. ఆ ఫలితాలను ఆయనకి నేరుగా అంటించడం కుదరదు. మీ డాక్టర్లు వేయడం నాకు సబబుగానే తోస్తోంది.

ఇలాంటి ఇంకో రకం మనుషుల్ని నేను ఎప్పటికీ మరిచిపోలేను. ఒకావిడ, వయసు డెబ్బై. మూడు నెలల్లో మూడుసార్లు అర్ధరాత్రి ఊపిరి అందక, నోట్లో నురగతో ఎమర్జెన్సీకి వచ్చారు. ఊపిరితిత్తుల నిండా నీరు. గుండెజబ్బు అనుకుని ఎకో తీస్తే గుండె పంపింగ్ 60 శాతం, శుభ్రంగా ఉంది. మూడోసారి వచ్చినప్పుడు రెండు కిడ్నీల నాళాలూ చూశాం. రెండూ దాదాపు మూసుకుపోయాయి. రెండువైపులా స్టెంట్లు వేశాక ఆ అర్ధరాత్రి ఆయాసం మళ్లీ ఎప్పుడూ రాలేదు. క్రియాటినిన్ 1.9 నుంచి 1.5కి దిగింది. తొమ్మిదేళ్ల తర్వాత 1.8. ఇలా హఠాత్తుగా ఊపిరితిత్తుల్లో నీరు చేరేవాళ్లకి ఎవరూ స్టెంట్ వద్దనరు.

ముందే ఎలా తెలుస్తుంది?

స్టెంట్ వేసిన పదిమందిలో సుమారు ఇద్దరు ముగ్గురికి కిడ్నీ పనితీరు కాస్త మెరుగవుతుంది, సగం మంది ఉన్నచోటే నిలబడతారు, మిగతావాళ్లకి తగ్గుతుంది. ఇది నా అనుభవంలోనూ అలాగే ఉంది. ఎవరు ఏ గుంపులో పడతారన్నది చాలావరకు స్టెంట్ వేయకముందే తేలిపోయి ఉంటుంది.

నేను చూసేవి: కిడ్నీ పొడవు 8 సెంటీమీటర్ల కంటే బాగా ఎక్కువ ఉందా. మూత్రంలో ప్రొటీన్ ఎంత పోతోంది, తక్కువైతే లోపలి వడపోతలు ఇంకా బాగున్నాయని. డాప్లర్‌లో, అంటే నాళాల్లో రక్తం పారే తీరు చూసే స్కానింగ్‌లో, రెసిస్టివ్ ఇండెక్స్ (కిడ్నీ లోపలి సన్నని నాళాలు రక్తానికి ఎంత అడ్డుపడుతున్నాయో చెప్పే అంకె) 0.80 లోపు ఉందా. 2001లో ఒక జర్మన్ పరిశోధన ఈ అంకెకి చాలా పేరు తెచ్చింది. 0.80 దాటినవాళ్లలో నాళం తెరిచినా ఎక్కువమందికి కిడ్నీ క్షీణించింది. దాన్నొక్కదాన్నే పట్టుకుని నేను నిర్ణయం తీసుకోను, మిగతావాటితో కలిపి చూస్తాను. అన్నిటికంటే ముఖ్యం వేగం. ఈమధ్యే వేగంగా పడిపోయిన కిడ్నీ తేరుకునే అవకాశం, ఏళ్ల తరబడి మెల్లగా పడిపోయిన కిడ్నీ కంటే ఎక్కువ. మీ నాన్నగారి ఎడమ కిడ్నీ 10.2 ఉంది, పడింది ఈ రెండేళ్లలోనే. ఇవి రెండూ మంచి గుర్తులే. మూత్రంలో ప్రొటీన్ సంగతి మీరు రాయలేదు. ఆల్బుమిన్-క్రియాటినిన్ రేషియో అనే పరీక్ష చేయించండి. చెంబుడు మూత్రం అక్కర్లేదు, చిన్న సీసాలో ఒక్కసారి ఇస్తే చాలు.

నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒకాయన వచ్చారు. చుట్ట అలవాటు, కిడ్నీ 8.1 సెంటీమీటర్లు, రోజుకి రెండున్నర గ్రాముల ప్రొటీన్ పోతోంది, రెసిస్టివ్ ఇండెక్స్ 0.86. లాభం లేదని నా మనసుకి తెలుసు. కొడుకులిద్దరూ "ఏదో ఒకటి చేయండి సార్" అని చేతులు పట్టుకుంటే సరేనన్నాను. స్టెంట్ చక్కగా వెళ్లింది, యాంజియో బొమ్మ చూస్తే నాళం నిండుగా తెరుచుకుంది. నాలుగో రోజు ఆయన కాలి వేళ్లు నీలంగా మారాయి. పెద్ద నాళం గోడ మీది కొలెస్ట్రాల్ ముక్కలు విరిగి కాళ్లలోకీ, కిడ్నీలోకీ జల్లులా వెళ్లాయన్నమాట. అయిదు నెలల్లో డయాలసిస్ మొదలైంది. మందులతో ఆగి ఉంటే బహుశా మరో రెండేళ్లు నడిచేది. అప్పటి నుంచి, కుటుంబం ఎంత బతిమాలినా, ఆ రోజు తీసుకున్నట్టు నిర్ణయం తీసుకోలేదు.

ఇక ఇప్పటి నుంచి

దీర్ఘకాలంలో కిడ్నీని పడగొట్టేవి ఏమిటో చెబుతాను. స్టెంట్ మళ్లీ మూసుకుపోవడం ఒకటి. నూటికి పది నుంచి ఇరవై మందికి అవుతుంది, ఎక్కువగా మొదటి ఏడాదిలోనే. దానికి తొలి గుర్తు సాధారణంగా బీపీయే. నాలుగు రకాల మాత్రల నుంచి మూడుకి దిగారని రాశారు, మంచిది. మళ్లీ నాలుగోది అవసరమైతే, లేదా కారణం లేకుండా క్రియాటినిన్ ఎక్కితే వెంటనే డాప్లర్ తీయించాలి. లేకపోతే ఆరు నెలలకి, ఏడాదికి, తర్వాత ఏటా ఒకసారి చాలు. స్టెంట్ ఉన్న నాళంలో రక్తం వేగం మామూలుగానే కాస్త ఎక్కువ చూపిస్తుంది. ఆ ఒక్క అంకె చూసి "మళ్లీ బ్లాక్" అని ఎవరైనా అంటే కంగారుపడకండి. బీపీ, క్రియాటినిన్ నిలకడగా ఉంటే రెండో అభిప్రాయం తీసుకోండి.

కానీ నా దగ్గరికి తిరిగొచ్చేవాళ్లలో స్టెంట్ మూసుకుపోయి వచ్చేవాళ్ల కంటే, స్టెంట్ తెరిచే ఉండి కిడ్నీ పాడైనవాళ్లే ఎక్కువ. ఒకాయన స్టెంట్ తర్వాత 1.6 దగ్గర మూడేళ్లు బంగారంలా ఉన్నారు. మోకాళ్ల నొప్పులొచ్చాయి. ఊళ్లో మెడికల్ షాపతను డైక్లోఫెనాక్ ఇచ్చాడు, రోజుకి రెండు చొప్పున మూడు వారాలు వేసుకున్నారు. అప్పటికే టెల్మిసార్టాన్ అనే బీపీ మాత్ర, నీరు పోయే మాత్ర వాడుతున్నారు. ఈ మూడూ కలిస్తే కిడ్నీకి ఊపిరాడదు. వచ్చేటప్పటికి క్రియాటినిన్ 4.5, పొటాషియం 6.4. డాప్లర్ తీస్తే స్టెంట్‌లో రక్తం హాయిగా పారుతోంది. రెండుసార్లు డయాలసిస్ చేసి నిలబెట్టాం, 2.4 దగ్గర ఆగారు. పోయిన ఆ భాగం తిరిగి రాలేదు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నిమెసులైడ్ లాంటివి నాన్నగారి దరిదాపుల్లోకి రానీయకండి. నొప్పికి పారాసిటమాల్. నడుం ఇంజెక్షన్ అని ఆర్‌ఎంపీ ఇచ్చేది కూడా చాలాసార్లు డైక్లోఫెనాకే. పేరు అడిగి తెలుసుకున్నాకే వేయించుకోవాలి. భస్మాలు, పసర్ల సంగతీ అంతే.

టెల్మిసార్టాన్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే దీని మీద రెండు వైపులా తప్పులు చూస్తున్నాను. నాళాలు మూసుకుని ఉన్నప్పుడు ఈ జాతి మందులతో క్రియాటినిన్ ఎక్కుతుంది. అందుకని "కిడ్నీకి పడదు" అని చీటీ మీద రాసి జీవితాంతం ఆపేస్తారు. స్టెంట్ వేశాక ఆ పరిస్థితి మారుతుంది. కోరల్‌లో రెండు జట్లకీ ఇదే జాతి మందు, క్యాండెసార్టాన్, ఇచ్చారు. గుండెకీ, మిగిలిన కిడ్నీకీ ఇది కాపలా. నాన్నగారికి ఇది ఆపి ఉంటే మళ్లీ మొదలుపెట్టవచ్చా అని మీ డాక్టర్ని అడగండి. మొదలుపెట్టిన ఒకటి రెండు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం చూడాలి. క్రియాటినిన్ 30 శాతం దాకా పెరిగితే ఓర్చుకుంటాం, దాటితే ఆపి డాప్లర్ తీస్తాం. పనిచేసే కిడ్నీ ఒక్కటే కాబట్టి ఈ పరీక్ష ఎగ్గొట్టడానికి వీల్లేదు. ఇంకోటి, వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల్లో ఈ మాత్ర, నీరు పోయే మాత్ర రెండూ ఆపాలా అని డాక్టరుకి ఫోన్ చేసి కనుక్కోండి. మా పేషెంట్లకి నేను ఆ మాట చీటీ మీదే రాసిస్తాను. ఎండాకాలంలో ఒక్క విరేచనాల జబ్బుతో ఏడాది కష్టం పోగొట్టుకున్నవాళ్లున్నారు.

ఉప్పు తగ్గించమంటే కొందరు లో-సోడియం ఉప్పు కొంటున్నారు. అందులో సోడియం బదులు పొటాషియం ఉంటుంది. ఈజీఎఫ్ఆర్ 34 ఉండి టెల్మిసార్టాన్ వాడే మనిషికి అది ప్రమాదం. మామూలు ఉప్పే తక్కువ వేసుకోండి. ఆవకాయ, అప్పడాలు, వడియాలు రోజూ కంచంలో ఉంటే కూరలో ఉప్పు తగ్గించి ప్రయోజనం లేదు.

కొలెస్ట్రాల్‌కి ఇచ్చే అటోర్వాస్టాటిన్, అలాగే ఆస్పిరిన్ మానొద్దు. స్టెంట్‌లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ ఎన్ని నెలలో స్టెంట్ వేసినవాళ్లనే అడగండి. పన్ను పీకించుకోవాలని ఎవరికి వారు ఆపేయకూడదు. బీపీ ఇంట్లో చూసుకుని నోట్‌బుక్కులో రాయండి. పై బీపీ 142 అన్నారు, తల తిరగకుండా ఉన్నంతవరకు 130 లోపుకి తేవాలి. సిగరెట్ మళ్లీ ముట్టకుండా చూడండి. నిజం చెప్పాలంటే ఈ జబ్బున్నవాళ్లలో డయాలసిస్ దాకా వెళ్లేవాళ్ల కంటే గుండెపోటు, పక్షవాతంతో పోయేవాళ్లే ఎక్కువ. నడిస్తే ఛాతీ బరువు, ఆయాసం ఉంటే గుండె కూడా చూపించండి. ఎప్పుడైనా గుండె యాంజియోగ్రామ్ చేయాల్సి వస్తే, కిడ్నీ సంగతి ముందే చెబితే, నాళాలు కనబడటానికి ఎక్కించే రంగు మందు తక్కువ వాడతారు.

కుడి కిడ్నీ

7.6 సెంటీమీటర్లకు కుంచించుకుపోయిన కిడ్నీలో మచ్చ తప్ప పెద్దగా మిగిలి ఉండదు. నాళం తెరిస్తే పనితీరు రాదు, రంగు మందు, కొలెస్ట్రాల్ ముక్కల ముప్పు మాత్రం ఉన్న ఒక్క మంచి కిడ్నీ మీద పడుతుంది. కాబట్టి వద్దు. ఒకవేళ ఆ చిన్న కిడ్నీయే రెనిన్ వదులుతూ, అయిదారు రకాల మాత్రలకి కూడా బీపీ లొంగకపోతే, అప్పుడు దాన్ని లాప్రోస్కోపీతో తీసేయడం గురించి ఆలోచిస్తాం. నాన్నగారికి ఆ అవసరం కనబడటం లేదు.

ఇది చదివే చిన్న వయసు వాళ్ల కోసం

పైన చెప్పిందంతా పెద్దవయసులో వచ్చే కొలెస్ట్రాల్ పూడిక గురించి. ఇరవై, ముప్పై ఏళ్ల అమ్మాయిలకి కిడ్నీ నాళం సన్నబడితే కారణం వేరే ఉంటుంది, ఫలితమూ వేరే. మన దేశంలో టకయాసు అనే నాళాల వాపు జబ్బు ముఖ్యమైనది. ఇంకోటి ఫైబ్రోమస్కులర్ డిస్‌ప్లేసియా, అందులో నాళం పూసల దండలా కనబడుతుంది. దానికి సాధారణంగా బెలూన్ చాలు, స్టెంట్ అక్కర్లేదు, కిడ్నీ పనితీరు చాలామందిలో ఏళ్ల తరబడి బాగానే నిలుస్తుంది.

టకయాసు విషయంలో ఒక అమ్మాయి గుర్తొస్తుంది. వయసు 23. తలనొప్పని ఏడాదిపాటు తిరిగింది. ప్రతిచోటా ఎడమ చేతికి బీపీ చూసి 110 అని రాశారు. నేను నాడి పట్టుకుంటే ఎడమ మణికట్టు దగ్గర దాదాపు తగల్లేదు. కుడి చేతికి పట్టీ కడితే 190. ఎడమ చేతికి వెళ్లే నాళం కూడా సన్నబడటంతో అక్కడ తప్పుడు అంకె వస్తోంది. ముందు స్టెరాయిడ్లతో వాపు తగ్గించి, వాపుని చూపించే రక్తపరీక్షలు ఈఎస్ఆర్, సీఆర్‌పీ దిగాక బెలూన్ చేయించాం. బాగుంది. మొహం ఉబ్బుతోందని, లావవుతున్నానని ఆమె చెప్పకుండా మందులు మానేసింది. 14 నెలలకి నాళం మళ్లీ సన్నబడింది. రెండోసారి చేశాక మందులు మానలేదు. ఇప్పుడు ఆమె క్రియాటినిన్ 0.8, ఒక పాప ఉంది. ఈ జబ్బులో వాపు చల్లారకుండా నాళం తెరిస్తే నిలవదు. చిన్న వయసులో బీపీ ఎక్కువుంటే రెండు చేతులకీ చూడమని అడగండి.

చివరిగా, "డయాలసిస్‌కి ఇప్పటి నుంచే ఏమైనా సిద్ధం చేయాలా" అని మీరు అడిగారు. ఫిస్టులా ఆపరేషన్, అంటే డయాలసిస్ సూదుల కోసం చేతిలో రెండు రక్తనాళాలను కలపడం, ఇప్పుడు అక్కర్లేదు. ఈజీఎఫ్ఆర్ 20 దగ్గరికి వచ్చి, ఇంకా పడుతూ ఉంటే అప్పుడు మాట్లాడుకుంటాం. ఆయన గీత ఇలాగే అడ్డంగా సాగితే ఆ మాట చాలా ఏళ్లు రాకపోవచ్చు. ఒక్కటి మాత్రం ఇవాళ్టి నుంచే చేయండి. నాన్నగారిది కుడిచేతి వాటమైతే ఎడమ ముంజేతిని కాపాడండి. సెలైన్ పెట్టాలన్నా, రక్తం తీయాలన్నా అరచేతి వెనకవైపు తీయమని నర్సుతో చెప్పండి. జ్వరానికో దేనికో ఆస్పత్రిలో చేరిన ప్రతిసారీ ఆ ముంజేతి నరాల్లో సూదులు గుచ్చి గట్టిపరిచేస్తారు. తర్వాత ఎప్పుడైనా అవసరం పడితే ఫిస్టులా వేయడానికి నరం దొరకదు. వచ్చే రిపోర్టు చేతికి రాగానే క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో ఆల్బుమిన్ రేషియో, ఇంట్లో చూసిన వారం రోజుల బీపీ ఇక్కడే రాయండి. గీతలో తర్వాతి చుక్క ఎక్కడ పడిందో కలిసి చూద్దాం.